ప్రతిసారీ 160వ సైకిల్ దగ్గరే కాలనీ ఎందుకు పోతోంది? రీస్టార్ట్ కొట్టే ముందు ఇది చదువు

తమ్ముడూ, నీ ప్రశ్న చదువుతుంటే నవ్వొచ్చింది. నిన్ను చూసి కాదులే, ఒకప్పటి నన్ను చూసి.

నువ్వు అడిగింది ఇదీ: ఆక్సిజన్ నాట్ ఇన్‌క్లూడెడ్ (గ్రహశకలం లోపల కాలనీ కట్టి మనుషుల్ని బతికించే గేమ్) 70 గంటలు ఆడావు, ఐదుసార్లు కొత్త కాలనీ పెట్టావు, ప్రతిసారీ 150, 160 సైకిల్స్ (గేమ్‌లో రోజులు) వరకు అంతా బాగానే ఉంటుంది, ఆ తర్వాత పంటలు ఆగిపోతాయి, డూప్స్ (కాలనీలో మనం నడిపించే మనుషులు) స్ట్రెస్‌తో సామాన్లు పగలగొడతారు, చెప్పిన పని వదిలేసి ఎక్కడో తిరుగుతుంటారు, పైపులు పగులుతాయి. చివరి కాలనీలో 18 మంది డూప్స్. "నాకు ఆడటం రాదా, గేమే తేడాగా చేశారా, అన్‌ఇన్‌స్టాల్ చేసెయ్యనా?" అన్నావు. రెండిట్లోనూ కొంత నిజం ఉంది. అన్‌ఇన్‌స్టాల్ సంగతి మాత్రం ఇది చదివాక ఆలోచించు.

నేను పరవాడ వైపు ఒక మందుల ఫ్యాక్టరీలో యుటిలిటీస్ చూస్తాను. అంటే చిల్లర్లు, బాయిలర్లు, కూలింగ్ టవర్లు. 2019 జులై 30న పూర్తి వెర్షన్ రాకముందు నుంచీ ఈ గేమ్ ఆడుతున్నాను. షిఫ్ట్ మొత్తం వేడిని ఒకచోటి నుంచి ఇంకోచోటికి తోలడమే నా ఉద్యోగం, అలాంటివాణ్ణి, నా మొదటి నాలుగు కాలనీలూ వేడికే పోయాయి. కాబట్టి నువ్వేం సిగ్గుపడక్కర్లేదు.

ముందు నీ 18 మంది సంగతి. ప్రింటింగ్ పాడ్ మూడు సైకిల్స్‌కోసారి కొత్త మనిషిని ఇస్తానంటుంది, మనం ఎవరో మంచి డిగ్గర్ దొరికాడని తీసేసుకుంటాం, ఉచితంగా వస్తున్నాడు కదా అని. ఉచితం ఏమీ కాదు. ఒక్కో డూప్ సెకనుకు 100 గ్రాముల ఆక్సిజన్ పీలుస్తాడు, సైకిల్ అంటే 600 సెకన్లు, అంటే మనిషికి 60 కేజీలు. ఆల్గేతో, అంటే నాచుతో నడిచే డిఫ్యూజర్ అనే యంత్రం 550 గ్రాముల ఆల్గే తిని 500 గ్రాముల ఆక్సిజన్ ఇస్తుంది. ఈ లెక్కన 18 మందికి సైకిల్‌కి దాదాపు 1,190 కేజీల ఆల్గే. తిండి మనిషికి 1,000 కిలోక్యాలరీలు, మీల్‌వుడ్ మొక్క మూడు సైకిల్స్‌కి 600 ఇస్తుంది, అంటే మనిషికి ఐదు మొక్కలు, మొత్తం 90 మొక్కలు, మొక్కకి సైకిల్‌కి 10 కేజీల మట్టి, అంటే 900 కేజీల మట్టి. ఈ ఆల్గే, ఈ మట్టి రెండూ మొదట్లో చుట్టూ కొండల్లా కనిపిస్తాయి కాబట్టి ఎవరికీ టెన్షన్ ఉండదు. కానీ అవి తవ్వుకున్నంతే, వాటంతటవి తిరిగి పుట్టవు. అప్పు చేసి పప్పుకూడు అంటారే, అచ్చం అది. 40వ సైకిల్‌లో తీసుకున్న అప్పు 160లో వసూలుకి వస్తుంది, నువ్వేమో 155వ సైకిల్‌లో ఏం తప్పు చేశానా అని వెతుక్కుంటున్నావు.

నా లెక్కలో మొదటి వంద సైకిల్స్‌కి ఎనిమిది మంది చాలు. ఎనిమిదే ఎందుకంటే ఒక ఎలక్ట్రోలైజర్ (నీళ్లని విడగొట్టి ఆక్సిజన్ తీసే యంత్రం) సెకనుకు కేజీ నీళ్లు తీసుకుని 888 గ్రాముల ఆక్సిజన్ ఇస్తుంది, అది ఎనిమిది మందికి సరిపోయి కాస్త మిగులుతుంది. కొత్త మనిషి వద్దనుకుంటే పాడ్ ఇచ్చే సామాను ప్యాకెట్ తీసుకో, అదీ నచ్చకపోతే అందరినీ తిప్పి పంపేయొచ్చు. పాడ్ ఏమీ అలగదు.

ఇక అసలు విషయం, వేడి. ఆల్గే అయిపోతుంటే అందరం ఎలక్ట్రోలైజర్‌కి మారతాం, యూట్యూబ్‌లో ఎవరో చూపించిన డిజైన్ ఉన్నదున్నట్టు కట్టేస్తాం, ఆక్సిజన్ ధారాళంగా వస్తుంది, హమ్మయ్య అనుకుంటాం. కానీ దాని నుంచి వచ్చే ఆక్సిజన్ కనీసం 70 డిగ్రీలు ఉంటుంది. నువ్వు 25 డిగ్రీల చన్నీళ్లు పోసినా 70కే వస్తుంది. ఆ గాలి నేరుగా పొలంలోకి, పడక గదుల్లోకి వెళ్తోంది. దాన్ని 25 డిగ్రీలకు దించాలంటే సెకనుకు సుమారు 40 కిలో డీటీయూల (గేమ్‌లో వేడిని కొలిచే యూనిట్) వేడి తీసెయ్యాలి. పోల్చుకోవడానికి చెప్తున్నా, కొలిమిలా మండే కోల్ జనరేటర్ ఒక్కోటి వదిలేది 9 మాత్రమే. అంటే ఒక్క ఎలక్ట్రోలైజర్ పెట్టడం అంటే పొలం పక్కన నాలుగు కోల్ జనరేటర్లు కొత్తగా పెట్టినట్టు. ఇది ఆ డిజైన్ వీడియోలో బహుశా చెప్పే ఉంటారు, పదకొండో నిమిషంలో, మనం అప్పటికే చూడటం ఆపేసి కట్టడం మొదలుపెట్టి ఉంటాం.

దీంట్లోనే ఒక చమత్కారం ఉంది. నేలలోంచి చిమ్మే గీజర్ల 95 డిగ్రీల నీళ్లను చాలామంది ముందు కష్టపడి చల్లార్చి, ఆ తర్వాత ఎలక్ట్రోలైజర్‌కి ఇస్తారు. తీరా బయటికి వచ్చేది మళ్లీ 70. కష్టమంతా బూడిదలో పోసిన పన్నీరు. ఆ వేడినీళ్లు అలాగే పోసెయ్యి, ఆక్సిజన్ 95 డిగ్రీలతో వస్తుంది నిజమే, కానీ నీటికి వేడిని పట్టుకునే శక్తి ఆక్సిజన్‌కి నాలుగింతలు కాబట్టి, ఈ మార్పులోనే చాలా వేడి మాయమైపోతుంది. చల్లార్చేదేదో ఆక్సిజన్‌ని చల్లార్చు. పంపు, పైపులు మాత్రం ఆ వేడికి తట్టుకునేవి పెట్టుకో, మామూలు ఖనిజంతో కట్టిన పంపు 75 దాటితే కాలిపోతుంది.

నా నాలుగో కాలనీ ఎలా పోయిందో చెప్తా, నీది కూడా ఇలాగే అయి ఉంటుందని నా అనుమానం. 148వ సైకిల్ అనుకుంటా. పొలంలో పై వరస, కుడి చివరి మీల్‌వుడ్ ఎదుగుదల ఆపేసింది. క్లిక్ చేసి చూస్తే 30.4 డిగ్రీలు. ఆ మొక్క 30 దాటితే ఎదగదు. ఒక్క మొక్కే కదా అని పట్టించుకోలేదు. రెండు సైకిల్స్ తర్వాత దాని పక్కది, ఆ తర్వాత దాని పక్కది, వరసగా కుడి నుంచి ఎడమకి, ఎవరో లైట్లు ఆర్పుకుంటూ వస్తున్నట్టు. నేనేం చేశానో తెలుసా? తిండి తగ్గుతోందని కింద ఇంకో ఇరవై మొక్కలు వేశాను. వాటికి మట్టి మోయడానికి డూప్స్ చాలట్లేదని ఇంకో ఇద్దర్ని ప్రింట్ చేశాను. ఆ ఇద్దరూ వచ్చి తినడం మొదలుపెట్టారు. 171కి అంతా అయిపోయింది. ఆ కుడివైపు గోడ అవతల ఏముందంటే, రెండు కోల్ జనరేటర్లు, ఆరు బ్యాటరీలు. మధ్యలో ఒకే ఒక్క వరస మామూలు టైల్స్. వంద సైకిల్స్‌గా ఆ గోడ మెల్లగా కాగుతూనే ఉంది. వేడిని రంగుల్లో చూపించే ఓవర్‌లే, ఎఫ్3 బటన్, 171 సైకిల్స్‌లో నేను నొక్కింది మూడోనాలుగోసార్లు.

రెండు వారాల తర్వాత పంతం పట్టి అదే కాలనీని 150వ సైకిల్ సేవ్ నుంచి తెరిచాను. ప్రతి సైకిల్‌కీ ఆటోసేవ్ పడుతుంది, ఈ విషయం చాలామంది మర్చిపోతారు. ఆ కాలనీ బతికింది, 900 సైకిల్స్ దాటింది. నువ్వూ అదే చెయ్యి. ఆరో కాలనీ మొదలుపెట్టకు. ఎందుకంటున్నానంటే, ఐదుసార్లు రీస్టార్ట్ చేసినవాడికి మొదటి వంద సైకిల్స్ కొట్టినపిండి, 160 తర్వాతి ఆట మాత్రం వాడికి ఇంకా ఒక్కసారి కూడా అనుభవంలోకి రాలేదు. జబ్బు పడ్డ కాలనీకి వైద్యం చెయ్యడమే ఈ గేమ్‌లో సగం ఆట, రీస్టార్ట్ కొట్టి ప్రతిసారీ ఆ సగాన్నే వదిలేస్తున్నాం.

ఈ రాత్రికి చెయ్యాల్సింది. ప్రింటింగ్ ఆపు. కోల్ జనరేటర్లకి స్మార్ట్ బ్యాటరీ తగిలించి ఆటోమేషన్ వైరు లాగు, లేకపోతే బ్యాటరీలు నిండినా అవి బొగ్గు తగలేస్తూనే ఉంటాయి, బొగ్గుకి బొగ్గు, వేడికి వేడి. జనరేటర్ గదికీ పొలానికీ మధ్య గోడ పీకేసి ఇన్సులేటెడ్ టైల్స్ వెయ్యి, ఇగ్నియస్ రాయి చాలు. ఆ తర్వాత మ్యాప్‌లో ఐస్ బయోమ్ (మంచు ప్రాంతం) ఎక్కడుందో చూడు, అక్కడి నుంచి పొలం దాకా ఒక నీళ్ల లూప్ లాగు, మంచు మధ్యలో మామూలు పైపు, పొలం వెనక కూడా మామూలు పైపు, దారిలో మాత్రం ఇన్సులేటెడ్ పైపు. నీళ్లు మంచులో మరీ ఎక్కువసేపు నిలవకుండా చూసుకో, గడ్డకడితే పైపు పగులుతుంది. మంచి నీళ్ల బదులు మురికి నీళ్లు నింపితే ఆ భయం చాలా తగ్గుతుంది, అవి మైనస్ 20 దాకా గడ్డకట్టవు. ఈ ఐస్ బయోమ్ కూడా ఒకరోజు కరిగిపోయేదే, కానీ నీకు యాభై, వంద సైకిల్స్ గడువు ఇస్తుంది. ఇంకో మాట, బేస్ చుట్టూ అబిసలైట్ అనే రాతి గోడ ఉంటుంది చూడు, దాన్ని దారి కోసం ఎక్కడపడితే అక్కడ తవ్వెయ్యకు. పక్క బయోమ్ వేడిని ఆపుతున్నది అదే. తవ్విన చోట ఇన్సులేటెడ్ టైల్స్‌తో మూసెయ్యి.

శాశ్వత పరిష్కారం ఆక్వాట్యూనర్, స్టీమ్ టర్బైన్ జోడీ. ఇక్కడే కొత్తవాళ్లు ఎక్కువ దెబ్బతింటారు, పేరు చూసి ఆక్వాట్యూనర్ అంటే ఏసీ అనుకుని పొలం మధ్యలో పెడతారు. అది వేడిని చంపదు, తోలుతుంది. దాని గుండా వెళ్లే ద్రవాన్ని 14 డిగ్రీలు చల్లబరిచి, ఆ వేడంతా తన ఒంటికి పట్టించుకుంటుంది. ఫ్రిజ్ వెనకాల చెయ్యి పెట్టి చూడు, అదే. నీళ్లు సెకనుకు 10 కేజీల చొప్పున పూర్తిగా పారితే అది లాగే వేడి 585 కిలో డీటీయూలు, మన ఎలక్ట్రోలైజర్ గాలికి 40 సరిపోతుందని ఇందాక అనుకున్నాం కదా, అంటే ఒక్కటి మొత్తం బేస్‌కి సరిపోయి ఇంకా మిగులుతుంది. మరి ఆ వేడి ఎటు పోవాలి? మా ఫ్యాక్టరీలో అయితే కూలింగ్ టవర్ ఉంటుంది, ఆకాశం ఉంటుంది. గేమ్‌లో ఆకాశం చాలా దూరం. అందుకే టర్బైన్.

ఇన్సులేటెడ్ టైల్స్‌తో ఒక మూసిన గది కట్టు, లోపల ఆక్వాట్యూనర్, అడుగున కొంచెం నీళ్లు. గది పైకప్పు మీద టర్బైన్ కూర్చోవాలి, దాని ఐదు నోళ్లూ కిందికి గదిలోకి తెరుచుకునేలా. ఆక్వాట్యూనర్ వేడికి నీళ్లు ఆవిరవుతాయి, ఆవిరి 125 డిగ్రీలు దాటితే టర్బైన్ తాగడం మొదలుపెడుతుంది, 200 దగ్గర పూర్తిగా తిరిగి 850 వాట్ల కరెంటు ఇస్తుంది, 95 డిగ్రీల నీళ్లు బయటికి వదులుతుంది, ఆ నీళ్లని మళ్లీ అదే గదిలోకి పోసెయ్యి. 200 నుంచి 95కి మధ్య ఉన్న వేడి ఏమైంది? పోయింది, అంతే. ఆక్వాట్యూనర్ తినే 1,200 వాట్లలో మంచి భాగం తిరిగి కూడా వస్తుంది. నా ఉద్యోగంలో ఇలాంటి మెషీన్ ఉంటే నాకు ప్రమోషన్ ఎప్పుడో వచ్చేది.

మూడు చోట్ల జాగ్రత్త. ఆక్వాట్యూనర్ స్టీలుతోనే కట్టాలి, మామూలు ఖనిజంతో కడితే 125కే కాలిపోతుంది, అంటే టర్బైన్ మొదలయ్యేలోపే. టర్బైన్ తనే 100 డిగ్రీలు దాటితే ఆగిపోతుంది కాబట్టి చల్లని లూప్‌ని ముందు దాని వెనక నుంచి తిప్పు. ఇక లూప్‌లో మంచి నీళ్లుంటే ఆక్వాట్యూనర్‌లోకి వెళ్లే ముందు పైపు థర్మో సెన్సర్ పెట్టి 16, 17 డిగ్రీలకి తక్కువైతే ఆగిపోయేలా సెట్ చెయ్యి, 14 తీసేస్తే ఇంకా రెండు మూడు మిగలాలి కదా.

స్టీలు ఎక్కడిదంటావు. ఆక్వాట్యూనర్‌కి 1,200 కేజీలు కావాలి, ప్రతి 100 కేజీలకి 70 ఇనుము, 20 రిఫైన్డ్ కార్బన్, 10 సున్నం. సున్నం దగ్గరే అందరూ ఆగిపోతారు. అందుకే ముప్పయ్యో సైకిల్ నుంచే హ్యాచ్‌లనే జంతువుల్ని పెంచు. రాళ్లు తింటాయి, బొగ్గు వేస్తాయి, మాంసం ఇస్తాయి, గుడ్డు పొదిగాక మిగిలిన పెంకుల్ని రాక్ క్రషర్‌లో వేస్తే సున్నం. మనూళ్లలో పెరట్లో నాలుగు కోళ్లుంటే ఇంటికి ఎంత ఆసరానో, ఇక్కడ హ్యాచ్‌లు అంత. తిండి సమస్య కూడా సగం తీరుతుంది, మీల్‌వుడ్‌కి మట్టి మోసే బాధ తప్పుతుంది.

డూప్స్ మాట వినట్లేదన్నావు. మొదట్లో నేనూ వాళ్లని బండబూతులు తిట్టేవాణ్ణి. తర్వాత తెలిసింది ఏంటంటే, పని మీద మనం వేసే 1 నుంచి 9 అంకె కంటే ముందు, ఆ డూప్‌కి ఏ రకం పని ఇష్టంగా పెట్టామో అది చూస్తారు. ఒకడికి తవ్వకం అన్నిటికన్నా పైన పెట్టావనుకో, వాడికి 1 వేసిన తవ్వకం, 9 వేసిన కట్టడం కంటే ముందొస్తుంది. నువ్వు గోడకి 9 వేసి అరుస్తుంటావు, వాడు ఎక్కడో మూల రాయి తవ్వుతుంటాడు, వాడి లెక్కలో వాడు కరెక్టే. పైగా మనం కంగారులో అన్నిటికీ 9 వేసేస్తాం. పెళ్లింట్లో వచ్చినవాళ్లందరినీ ముందు వరసలోనే కూర్చోబెడతానంటే ఎలా కుదురుతుంది? నేను మామూలుగా 5, 6 దాటను, 9 అనేది ఆక్సిజన్‌కీ నీళ్లకీ మాత్రం.

ఇంకోటి, రోజువారీ రిపోర్ట్ తెరిచి ప్రయాణానికి ఎంత సమయం పోతోందో చూడు. నా పాత కాలనీలో సగం రోజు నడకే. పొలం ఒక కొసన, వంట ఇంకో కొసన, బాత్రూం పైన, మట్టి డబ్బా అట్టడుగున. నిచ్చెనల పక్కన ఫైర్ పోల్ వేసి, పొలం పక్కనే మట్టి డబ్బా పెడితే ఇద్దరు కొత్త మనుషులు వచ్చినంత పని.

స్ట్రెస్ సంగతి చిన్నదే. ఒక్కో స్కిల్ నేర్పినకొద్దీ ఆ డూప్‌ కోరుకునే మొరేల్, అంటే ఉల్లాసం, పెరుగుతుంది. పాయింట్లు వచ్చాయి కదా అని అన్నీ ఖర్చు పెట్టేస్తే, మెస్ టేబుల్ కూడా లేకుండా నేల మీద మీల్‌వుడ్ ఇచ్చే మీల్ లైస్ తినే నిపుణుడు తయారవుతాడు, వాడే నీ సామాన్లు పగలగొట్టేది. అవసరమైన స్కిల్ మాత్రం ఇవ్వు, ఒక మెస్ హాల్ కట్టు.

వైర్లు కాలడం: మామూలు వైరు 1,000 వాట్లు, కండక్టివ్ 2,000, అంతే. పాత ఇంటి వైరింగ్ మీద ఏసీ, గీజర్ కలిపి వేసినట్టు వెయ్యకు, లావు వైరు నుంచి ట్రాన్స్‌ఫార్మర్లతో విడదీసుకో. పైపులు పగలడం: నీది మెటల్ రిఫైనరీ దగ్గరే అయి ఉంటుంది. దాన్ని చల్లబరచడానికి ఒకే నీళ్లు తిరిగి తిరిగి వెళ్తుంటే మొదటి బ్యాచ్ బాగుంటుంది, రెండోది బాగుంటుంది, తర్వాత పైపులోనే మరుగుతాయి. క్రూడ్ ఆయిల్ దొరికాక అది వాడు, దాదాపు 400 డిగ్రీల దాకా దానికేం కాదు.

నువ్వన్నదాంట్లో నిజం కూడా ఒప్పుకుంటా. ఆకలేస్తే ఎర్ర హెచ్చరిక వస్తుంది, ఊపిరాడకపోతే వస్తుంది, బేస్ మొత్తం సైకిల్‌కి పావు డిగ్రీ చొప్పున కాగుతుంటే ఎవరూ ఏమీ చెప్పరు. ఒక డూప్ తను కట్టిన గోడ వెనకే తను ఇరుక్కుని ఊపిరాడక పోతే అది నా తప్పు అని ఎవరన్నా ఒప్పుకోను. 600, 700 సైకిల్స్ దాటాక మంచి కంప్యూటర్ మీద కూడా నత్తనడక నడుస్తుంది, దానికి నా దగ్గర మందు లేదు, మనుషుల్నీ జంతువుల్నీ తక్కువ పెంచుకోవడం తప్ప. స్పేస్డ్ అవుట్ డీఎల్‌సీ (విడిగా కొనే అదనపు భాగం) కొననా అని చివర్లో అడిగావు, ఇప్పుడే వద్దు, ముందు ఒక గ్రహం చల్లబడనీ. కొత్త ఆట మొదలుపెట్టేటప్పుడు నో స్వెట్ మోడ్ అని తేలికైనది ఒకటి ఉంటుంది, అందులో ఆడితే పరువేం పోదు, మా బావమరిది అందులోనే ఆడతాడు, హాయిగా ఉన్నాడు.

ఇప్పుడు ఆ ఐదో కాలనీ పాత సేవ్ ఏదైనా మిగిలి ఉందేమో చూడు. తెరవగానే పాజ్ చేసి ఎఫ్3 నొక్కి, మొత్తం బేస్ కనిపించేలా జూమ్ తగ్గించి స్క్రీన్‌షాట్ పెట్టు. పొలం ఎటువైపు ఎర్రబడుతోందో కనిపిస్తే చాలు, ఏ గోడ ముందు పీకాలో చెప్తా. రేపు నాకు నైట్ షిఫ్ట్, పొద్దున పదకొండు తర్వాతైతే ఖాళీగానే ఉంటాను.